పదిహేనణాలకు.. ఒక్క అణా కాపలా

* గేమింగ్ కంప్యూటరు సొంతంగా బిగించుకునేవారికి విడిభాగాల లెక్క
* రంగు లైట్లకు మురిసి ఎస్‌ఎంపీఎస్ దగ్గర బేరమాడితే అసలుకే మోసం

పదో తరగతో, ఇంటరో గట్టెక్కిన పిల్లలు ఇంట్లో పెట్టే పేచీల్లో గేమింగ్ కంప్యూటరు ఒకటి. దుకాణంలో గేమింగ్ ల్యాప్‌టాప్ ధర వినగానే తండ్రి గుండె గుభేలుమంటుంది. విడిభాగాలు తెచ్చి మేమే బిగించుకుంటాం, సగం ఖర్చుతో అయిపోతుందని పిల్లలు నచ్చజెబుతారు. ఇక ప్రయాణం మొదలు. హోసూరు, కోలారు కుర్రాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, తిరుత్తణి, గుమ్మిడిపూండి వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు, భివండి మగ్గాల కుటుంబాల పిల్లలు ముంబయి లామింగ్టన్ రోడ్డుకు వెళ్తారు. బీదర్ వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ దగ్గర. బరంపురం వాళ్లకు అటు భువనేశ్వర్, ఇటు విశాఖ. యానాం వాళ్లకు పక్కనే కాకినాడ.

సొంతంగా బిగించుకోవడం మంచి ఆలోచనే. ఏ భాగం పాడైతే ఆ భాగమే మార్చుకోవచ్చు. డబ్బులున్నప్పుడు ఒక్కోటి పెంచుకోవచ్చు. చిక్కల్లా ఉన్న డబ్బును ఎక్కడ ఎంత పెట్టాలన్న దగ్గరే వస్తోంది. అద్దాల క్యాబినెట్, రంగురంగుల ఫ్యాన్లు కంటికి కనిపిస్తాయి. వాటికి వేలు పోసేస్తారు. క్యాబినెట్ లోపల మూలన కూర్చునే పవర్ సప్లై.. అదే ఎస్‌ఎంపీఎస్.. ఎవరి కంటికీ ఆనదు. దాని దగ్గర బేరమాడతారు. ఓ వేసవి రాత్రి ఆట మధ్యలో టప్ మని ఆగిపోయి, కాలిన వాసన వచ్చినప్పుడు గానీ దాని విలువ తెలియదు.

ముందు ఆట.. తర్వాత పేట

దుకాణానికి వెళ్లేముందు కాగితం మీద రాసుకోవాల్సింది ఏ ఆట ఆడతారన్నది. వాలరెంట్, కౌంటర్ స్ట్రయిక్ 2 వంటి పోటీ ఆటలకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 కూడా మధ్య రకం యంత్రంపై హాయిగా నడుస్తుంది. సినిమాను తలపించే కొత్త ఆటలే బరువు.

రెండోది మానిటర్. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు ఆడేవారు 4కే తెరకు సరిపడే కార్డు కొనడం దండగ. అలాగే సెకనుకు 60 సార్లు మాత్రమే మారే పాత తెర పెట్టుకుని 150 ఫ్రేములిచ్చే కార్డు కొన్నా కంటికి కనిపించేవి 60 ఫ్రేములే. పోటీ ఆటలు ఆడేవారికి 100 హెర్ట్జ్, ఆపైన ఉన్న మానిటర్ ఉపయోగం. చేతిలో డబ్బు తక్కువైతే ఇంట్లో ఉన్న టీవీకి కలుపుకొని, మానిటర్ తర్వాత కొనుక్కోవచ్చు.

రూపాయికి పదహారణాలు

ధరలు వారానికోలా ఉంటాయి. అందుకే రూపాయల్లో కాకుండా అణాల్లో లెక్క వేసుకుంటే సులువు. మానిటర్, కీబోర్డు, మౌస్ పక్కనపెట్టి, పెట్టె కోసం ఉన్న డబ్బును పదహారణాలు అనుకుందాం. గేమింగ్ కోసమైతే పంపకం ఇలా ఉంటే మేలు.

* గ్రాఫిక్స్ కార్డు: 6 అణాలు
* ప్రాసెసర్: 3 అణాలు
* మదర్‌బోర్డు: 2 అణాలు
* ర్యామ్: 2 అణాలు
* ఎస్‌ఎస్‌డీ: 1 అణా
* క్యాబినెట్, ఫ్యాన్లు: 1 అణా
* ఎస్‌ఎంపీఎస్: 1 అణా

చేతిలో 50 వేలుంటే అణా అంటే 3,125 రూపాయలు. గ్రాఫిక్స్ కార్డుకు 18,750, ప్రాసెసర్‌కు 9,375 వస్తాయి. ఇది కొండగుర్తు మాత్రమే. ఒకచోట అరణా అటూ ఇటూ కావచ్చు. ముఖ్యంగా 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు అమాంతం ఎగబాకాయి. ర్యామ్‌కు రెండణాలు చాలని పరిస్థితి వస్తే క్యాబినెట్ దగ్గర, మదర్‌బోర్డు దగ్గర తగ్గించుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ అణాను మాత్రం ముట్టుకోకూడదు. ఎందుకన్నది ముందు ముందు తెలుస్తుంది.

జీబీలు చూసి మోసపోవద్దు

గ్రాఫిక్స్ కార్డు అనగానే ఎన్ని జీబీలు అని అడగడం అలవాటు. 2014లో వచ్చిన జీటీ 730 కూడా 4 జీబీలతో దొరుకుతుంది. అది తెర మీద బొమ్మ చూపించడానికే తప్ప ఇప్పటి ఆటలకు చాలదు. జీబీ అంటే గోదాము. అందులో పనిచేసే కూలీలు ఎందరన్నది వేరే లెక్క. కార్డు పేరు, వచ్చిన ఏడాది, దానిపై ఆయా ఆటలు ఎన్ని ఫ్రేములతో నడుస్తున్నాయన్నది చూసుకోవాలి.

ఫుల్ హెచ్‌డీలో ఆడేవారికి 8 జీబీల కార్డు కనీసం. 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600, 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 7600, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 ఈ కోవలోవే. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీలున్నాయి. అయితే అది 190 వాట్లు తాగుతుంది. ఆర్ఎక్స్ 6600కు 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు చాలు. కార్డు ధర పక్కనే అది తాగే వాట్లు కూడా రాసుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ ఎంపికకు ఈ అంకే ఆధారం.

ఆరణాలు కూడా పెట్టలేని ఇళ్లకు ఇంకో దారుంది. రైజెన్ 5 5600జీ వంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టొచ్చు. తేలిక ఆటలు నడుస్తాయి. ఏడాదికో, రెండేళ్లకో కార్డు కలుపుకోవచ్చు. అయితే ఆ కార్డును మోసే ఎస్‌ఎంపీఎస్ మొదట్లోనే కొని ఉంచుకోవాలి.

'ఐ7' అంటే ఏ కాలం నాటిది?

'ఐ7 గేమింగ్ పీసీ.. కారు చౌక' అనే బోర్డులు పేటలో ఎక్కడైనా కనిపిస్తాయి. లోపల ఉండేది చాలాసార్లు 2011 నాటి రెండో తరం, లేదంటే ఆ తర్వాతి మూడో తరం ప్రాసెసర్. పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి ఊడదీసింది. దానికో ఊరూ పేరూ లేని మదర్‌బోర్డు, మెరిసే క్యాబినెట్ తగిలిస్తారు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్, పేరుకు ఐ3 అయినా ఆ పాత ఐ7ను దాటిపోతుంది.

అంతేకాదు, ఆ పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచే దానికి అర్హత. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండి తీరాలి. చౌకని కొన్న పెట్టెలో కోరుకున్న ఆటే తెరుచుకోకపోతే పిల్లాడి మొహం చూడలేం.

మధ్యతరగతి బడ్జెట్‌కు 6 కోర్లు, 12 థ్రెడ్ల ప్రాసెసర్ చక్కగా సరిపోతుంది. 2022లో వచ్చిన రైజెన్ 5 5600, ఐ5-12400ఎఫ్ రెండూ ఇలాంటివే. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. విడిగా కార్డు పెట్టకపోతే తెరపై ఏమీ రాదు. సీలు వేసిన బాక్సు ప్రాసెసరే తీసుకోవాలి. దాంతోపాటు కూలర్, మూడేళ్ల వారెంటీ వస్తాయి. 'ట్రే' పేరుతో విడిగా అమ్మేవాటికి కూలర్ ఉండదు.

బోర్డు, ర్యామ్ జోడీ కుదరాలి

ప్రాసెసర్‌కు, మదర్‌బోర్డుకు సాకెట్ కలవాలి. రైజెన్ 5 5600 ఏఎం4 సాకెట్‌ది. దానికి డీడీఆర్4 ర్యామ్. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు డీడీఆర్5 మాత్రమే. తర్వాత ప్రాసెసర్ మార్చుకునే ఆలోచన ఉంటే ఏఎం5 మేలు, కానీ మొదటి ఖర్చు ఎక్కువ. ఇంటెల్ 12వ తరంలో బోర్డును బట్టి డీడీఆర్4, డీడీఆర్5 రెండూ ఉన్నాయి. ఒకదానికి తెచ్చిన ర్యామ్ రెండోదాంట్లో పట్టదు. పాత నిల్వల్లోని బీ450 బోర్డు అయితే రైజెన్ 5000 శ్రేణికి సిద్ధమని బాక్సు మీద ఉందో లేదో చూడాలి. లేదంటే దుకాణంలోనే బయోస్ అప్‌డేట్ చేయించుకోవాలి.

ర్యామ్ 16 జీబీలు కొనేటప్పుడు ఒక్క 16 కన్నా రెండు 8లు మేలు. ఒంటెద్దు బండికీ, జోడెడ్ల బండికీ ఉన్నంత తేడా. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌కైతే ఈ జోడీ మరీ ముఖ్యం. నిల్వకు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆటకే 150 జీబీల చోటు కావాలి. కాబట్టి 500 జీబీ కన్నా తగ్గకూడదు.

ఆ ఒక్క అణా ఇదే

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు మార్చి పెట్టెలోని ప్రతి భాగానికీ పంచేది ఎస్‌ఎంపీఎస్. పదిహేనణాల సామానూ దీని చేతి కిందే ఉంటుంది. ఇది బాగుంటే కరెంటు ఒడిదొడుకులను తన మీద వేసుకుంటుంది. బాగోకపోతే పోతూపోతూ మదర్‌బోర్డునో, గ్రాఫిక్స్ కార్డునో వెంట తీసుకుపోతుంది.

పేటలో 'క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ' అని ఇచ్చేవి చాలావరకు ఆఫీసు పనులకు ఉద్దేశించినవి. టైపింగ్, బిల్లింగ్ కంప్యూటర్‌కు అవి సరిపోవచ్చు. గేమింగ్ కార్డు అందుకు భిన్నం. ఆట బరువెక్కిన క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతుంది.

స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో '450' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. పక్కన చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో హెచ్చవేయాలి. అక్కడ 18 ఆంపియర్లే ఉంటే 216 వాట్లు. 37 ఆంపియర్లుంటే 444 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఈ 12 వోల్టుల మీదే బతుకుతాయి. కాబట్టి మొదటిది పేరుకే 450.

లెక్క వేసుకోవడం కష్టం కాదు. రైజెన్ 5 5600 ఆట సమయంలో సుమారు 75 వాట్లు అనుకుంటే, ఆర్ఎక్స్ 6600కు 132, మిగతావాటికి 50. మొత్తం 257 వాట్లు. ఈ జోడీకి నాణ్యమైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ నిశ్చింతగా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060, 5060 కార్డులకు ఎన్విడియా 550 వాట్లు సిఫారసు చేస్తోంది. అనవసరంగా 850 వాట్లది కొనక్కర్లేదు.

'80 ప్లస్' ముద్ర చూడాలి. బ్రాంజ్ రకం సగం లోడు మీద 85 శాతం సామర్థ్యం చూపాలి. అయితే ఈ ముద్ర ఎంత కరెంటు వృథా కాకుండా చూస్తుందో చెబుతుందే తప్ప ఎంత భద్రమో చెప్పదు. ఓవర్ వోల్టేజీ, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నట్టు బాక్సుపై రాసి ఉండాలి. వారెంటీ కనీసం మూడేళ్లు, ఐదేళ్లయితే మరీ మంచిది. తయారీదారుకే తన సరుకుపై ఏడాదికి మించి నమ్మకం లేకపోతే కొనేవాళ్లకు ఎందుకుండాలి?

ఇంకో గుర్తు. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 6+2 పిన్నుల కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌తోనే రావాలి. లేదని కన్వర్టర్ వైరు చేతిలో పెడితే ఆ ఎస్‌ఎంపీఎస్ గేమింగ్‌కు కాదన్నమాటే. హార్డ్ డిస్కుకు ఉద్దేశించిన సన్నని వైర్ల మీద కార్డు బరువు వేస్తే పిన్నులు కరిగిపోయే ప్రమాదముంది.

ఇంట్లో ఎర్తింగ్ ఉందా?

క్యాబినెట్‌ను ముట్టుకుంటే చురుక్కుమనడం చాలా ఇళ్లలో అనుభవమే. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు నుంచి కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది. ఎర్తింగ్ ఉంటే భూమిలోకి పోతుంది. లేకపోతే మన చేతిలోకి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు ఉండదు. పెట్టె కొనేముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. పైన చెప్పిన పెట్టె, మానిటర్ కలిపి దాని మీద కొన్ని నిమిషాలు నిలుస్తాయి. ఆట సేవ్ చేసి ఆపడానికి చాలు. కరెంటు పోయాక ఆడుకోవడానికి కాదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ నడపకపోవడమే మంచిది. ఉరుములు, మెరుపులప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. నెట్ కేబుల్ కూడా తీసేయాలి.

కరెంటు బిల్లు మీద పెద్దలకు బెంగ అక్కర్లేదు. 250 వాట్ల పెట్టెపై రోజుకు మూడు గంటలు ఆడితే ముప్పావు యూనిట్. నెలకు సుమారు 22.5 యూనిట్లు.

ఊరిని బట్టి క్యాబినెట్

బళ్లారి, సండూరు వైపు గనుల ఎర్రదుమ్ము. షోలాపూర్, భివండి మగ్గాల ఇళ్లలో నూలు పొట్టు. ఇది ఫ్యాన్ల రెక్కలకు, కూలర్ సందులకు దూదిలా పట్టేస్తుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇలాంటి చోట్ల ముందువైపు జాలీ, తీసి కడుక్కునే ఫిల్టరు ఉన్న క్యాబినెట్ తీసుకోవాలి. ముందంతా అద్దంతో మూసేసింది వద్దు. మగ్గాల మోటార్లు, కంప్యూటర్ ఒకే లైను మీద లేకుండా చూసుకోవాలి. బరంపురం, యానాం వంటి తీర ప్రాంతాల్లో తేమ సమస్య. నెలల తరబడి వాడకుండా మూల పడేయకుండా వారానికోసారైనా నడుపుతుండాలి. బళ్లారి ఎండలకు 40 డిగ్రీలు దాటిన గదిలో రెండు ఫ్యాన్లు తప్పనిసరి. రంగులు లేకపోయినా ఫరవాలేదు.

పాత కార్డు కొనేటప్పుడు..

2022 సెప్టెంబరులో ఎథీరియం విధానం మారడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయింది. రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బోలెడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. వాటన్నిటినీ పనికిరానివని తోసేయలేం. అయితే ఎదురుగా అరగంట బరువైన ఆట నడిపించి, ఫ్యాన్ల చప్పుడు, వేడి, తెరపై గీతలు చూడకుండా డబ్బులివ్వొద్దు. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మడం కూడా ఉంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో చూస్తే చాలావరకు బండారం బయటపడుతుంది. ఆర్ఎక్స్ 580 పేరుతో అమ్మేవాటిలో 2304 కోర్లకు బదులు 2048 కోర్లున్న రకం ఉంది. అదీ అడిగి తెలుసుకోవాలి.

పాతవాటిలో ర్యామ్, ప్రాసెసర్ కాస్త నమ్మదగ్గవి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతది ఎట్టి పరిస్థితుల్లోనూ కొనకూడదు.

సరిహద్దు దాటినా హక్కు పోదు

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక విడిభాగాలపై పన్ను ఏ రాష్ట్రంలోనైనా ఒకటే.. 18 శాతం. 'బిల్లు వద్దంటే తగ్గిస్తాం' అనే మాటకు లొంగితే వారెంటీకి నీళ్లొదులుకున్నట్టే. బిల్లులో ప్రతి వస్తువు పేరు, సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకోవాలి. 'కంప్యూటర్ సెట్ ఒకటి' అని రాస్తే రేపు సర్వీస్ సెంటర్‌లో ఏమీ చెల్లదు. దుకాణంలో తెలుగులో మాట్లాడినా, కన్నడలోనో, తమిళంలోనో మాట్లాడినా ఆఖరికి నిలిచేది బిల్లులో రాసిందే.

పక్క రాష్ట్రంలో కొన్నాం, తేడా వస్తే అక్కడిదాకా తిరగాలేమోనన్న భయం వద్దు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. బెంగళూరులో కొన్న హోసూరు వాసి కృష్ణగిరి జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

బిగించే రోజున

* మొదట ఇనుప వస్తువును ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తు పోగొట్టుకోవాలి. సింథటిక్ దుప్పటి మీద కూర్చుని బిగించొద్దు.
* ప్రాసెసర్ మూలనున్న బాణం గుర్తు, సాకెట్ గుర్తు కలవాలి. బలవంతంగా నొక్కకూడదు.
* ప్రాసెసర్, కూలర్, ర్యామ్‌లను మదర్‌బోర్డుకు బయటే బిగించి, తర్వాత క్యాబినెట్‌లో కూర్చోబెడితే పని తేలిక.
* మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డుకు పెట్టి కార్డు పాడైందనుకునేవారు ఎక్కువ.
* బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేస్తేనే ర్యామ్ తన పూర్తి వేగంతో నడుస్తుంది. విండోస్‌లో మానిటర్ హెర్ట్జ్ కూడా పెంచుకోవాలి.
* బాక్సులన్నీ, బిల్లుతో సహా, వారెంటీ తీరేదాకా అటక మీద దాచాలి.

ఇలా కూర్చుకున్న పెట్టె ఆటలకే కాదు.. కోడింగ్‌కు, వీడియో ఎడిటింగ్‌కు, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు కూడా నాలుగేళ్లు ఢోకా లేకుండా పనికొస్తుంది. దుకాణంలో చివరి నిమిషంలో డబ్బులు చాలకపోతే రంగు ఫ్యాన్లు తీసేయమనాలి, అద్దాల క్యాబినెట్ బదులు మామూలుది అడగాలి, ఎస్‌ఎస్‌డీ సైజు ఓ మెట్టు దించుకోవాలి. అవన్నీ తర్వాత పెంచుకోవచ్చు. కాపలా పెట్టిన అణాను మాత్రం తగ్గించుకోకూడదు.